గడప దాటిన డబ్బాలు

మా అమ్మ ఫ్రిజ్జుని చద్దిపెట్టె అనేది. నా పెళ్ళయిన ఏడాది నాన్న దాన్ని భీమడోలు ఇంటికి తెచ్చి, వంటింట్లో చోటు లేక ముందుగదిలో నిలబెట్టాడు. మంచినీళ్ళ సీసాలూ, ఒక పాలగిన్నే తప్ప అమ్మ అందులో ఇంకేమీ పెట్టనిచ్చేది కాదు. పొద్దున వండిన కూర రాత్రికి మిగిలితే అది తన వంటకే అవమానం. ఇంటికి ఎవరొచ్చినా, డబ్బు పోసి చద్దన్నం కొనుక్కున్నామండీ అని చూపించి మరీ చెప్పేది. అలాంటి మనిషి ఒక వేసవిలో అదే పెట్టెని అడుగు నుంచి పైదాకా కూరలతో నింపింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముందు కోపం వస్తుంది. ఏడుపు ఆ తర్వాత.

అప్పుడు నాకు అయిదో నెల. తాడేపల్లిగూడెంలో మా అత్తారిల్లు ఉల్లిపాయల మార్కెట్టుకి దగ్గర. గాలి అటు నుంచి వీస్తే చాలు, తిన్నది తిన్నట్టే బయటికొచ్చేది. అమ్మకి కడుపునొప్పి అనీ, ఏలూరులో చూపించామనీ, వాళ్ళు విజయవాడ పొమ్మన్నారనీ నాన్న ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాడు. విజయవాడ నుంచి తిరిగొచ్చిన రోజు మాత్రం ఒక్క మాటే చెప్పాడు.

"ఇంక ఐసు వేసినా ఆగదంటమ్మా."

నాన్న భీమడోలు రోడ్డు మీద చేపల షెడ్డులో మేస్త్రీ. కొల్లేటి చెరువుల నుంచి వచ్చిన చేపని ఐసు వేసి పెట్టెల్లో సర్ది లారీకి ఎక్కించడం ఆయన పని. ఏ చేప కలకత్తా దాకా ఆగుతుందో, ఏది తాడేపల్లిగూడెం కూడా దాటదో మొప్ప ఎత్తి చూసి చెప్పేవాడు. డాక్టరు చెప్పిన పెద్ద పెద్ద మాటల్ని తనకి తెలిసిన భాషలోకి మార్చుకున్నాడంతే. నాకు ఇంకెవరూ వివరించాల్సిన అవసరం లేకపోయింది.

మర్నాడు ప్యాసింజరు పట్టుకుని భీమడోలు వెళ్ళాను. మంచం మీద ఉంటుందనుకుంటూ వెళ్ళిన నాకు అమ్మ పొయ్యి దగ్గర కనిపించింది. ముక్కాలిపీట మీద కూర్చుని శొంఠి వేయిస్తోంది. పక్కన వాము, మిరియాలు, పిప్పళ్ళు చేటల్లో ఆరబోసి ఉన్నాయి. కాన్పయ్యాక బాలింతకి పెట్టే కాయం మందుకి దినుసులు. సాధారణంగా నెలలు నిండాక చేసే పని.

ఇప్పుడేం తొందరని అరిచాను. అరుపు నాకు పుట్టుకతో వచ్చింది, నిదానం రాలేదు. హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకెళ్తాం, మందులు వాడతాం, ఈ గరిటె అవతల పడెయ్యి అన్నాను. అమ్మ శొంఠి దించి, వాము పోసి, అప్పుడు మాట్లాడింది.

"నీ కాన్పుకి నేనుండనే. ఉండనని తెలిశాక కూడా వండకుండా కూచుంటే నిన్నెవరు చూస్తారు?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది నా అరుపంతా. ఆవిడ పుట్టింది కొల్లేటికోటలో. చుట్టూ నీళ్ళెక్కితే పొయ్యిలో పెట్టడానికి పుల్ల కూడా దొరకని ఊరు అది ఆ రోజుల్లో. వానలు రాకముందే ఎండుచేపా, పిండీ, పచ్చడీ అటక మీదికి ఎక్కించేవాళ్ళట. నీళ్ళు వస్తాయని తెలిసి ఎవరైనా దేవుడికి దణ్ణం పెడుతూ కూర్చుంటారా, ముందు అటక నింపుకుంటారు గాని, అనేది. ఈసారి నీళ్ళు తన మీదికే వస్తున్నాయి. ఆవిడ చూపు మాత్రం అటక మీదే ఉంది.

కాయం, వెల్లుల్లికారం, పాత చింతకాయ పచ్చడి వరకూ నాకు ఆశ్చర్యం లేదు. అవి ఏడాదైనా ఆగుతాయి. కానీ బాలింతకి పథ్యమంటే పొడులు ఒక్కటే కాదు. పాలు పడాలంటే సొరపిట్టు కావాలి, తెలగపిండి మునగాకు కూర కావాలి. కోత పడితే పుండు మానడానికి కొర్రమీను కావాలి. ఇవన్నీ ఏ పూటకా పూట వండాల్సినవి. అమ్మ కొన్నాళ్ళు ఆలోచించి, చివరికి తను అసహ్యించుకున్న పెట్టె దగ్గరికే వెళ్ళింది. నాన్నని పిలిచి, చేపని ఐసులో ఎన్నాళ్ళు ఉంచుతారని అడిగింది. గడ్డ కట్టిస్తే నెలలు ఉంటుందన్నాడు. వండిన చేపైతేనో అంది. ఆయనకి ఆ ప్రశ్న ఎందుకో అర్థమయ్యాక లేచి బయటికి వెళ్ళిపోయాడు. సాయంత్రం మాత్రం బతికున్న కొర్రమీనులు బకెట్లో వేసి పట్టుకొచ్చాడు.

ఆ పైన నేను గూడెంలో తక్కువ, భీమడోలులో ఎక్కువ ఉన్నాను. మా ఆయన ఆదివారాలు వచ్చి వెళ్ళేవాడు. అమ్మ ఓపిక ఉన్న పూట లేచేది, ఒక కూర చేసేది, మళ్ళీ పడుకునేది. మధ్యలో ఎన్ని పూటలు నొప్పితో గోడకి తిరిగి పడుకుందో నేను లెక్కపెట్టలేదు. సొరచేప ఉడకబెట్టి, ముల్లు తీసి, చిదిపి, వెల్లుల్లీ మిరియం వేసి పొడిపొడిగా వేయించేది. చల్లారాక డబ్బాలో అదిమేది. ఆ డబ్బాలు నా పెళ్ళి సారె స్వీట్లు వచ్చినవి. మూతల మీద ఎర్రటి పువ్వుల బొమ్మలు. ఎందుకైనా పనికొస్తాయని కడిగి దాచింది. పనికొచ్చాయి.

ఉప్పు సంగతి చెప్పాలి. మా ఇంట్లో కూర దించే ముందు అమ్మ ఎప్పుడూ గరిటెతో ఇంత తీసి నాన్న అరచేతిలో వేసేది. ఏవండీ, ఉప్పు చూడండి. ఆయన నాకి, తల ఊపితే దించేది, పెదవి విరిస్తే ఇంకో చిటికెడు పడేది. నా చిన్నప్పటి నుంచీ రోజూ జరిగే తంతు అది. ఆవిడకి రుచి తెలియక కాదు, అదొక అలవాటు. మందులు మొదలయ్యాక నిజంగానే నాలుక చచ్చిపోయింది. పంచదార పెట్టినా, వేపాకు పెట్టినా మట్టిలాగే ఉందనేది. దాంతో పాత అలవాటే ఆధారమైంది. నా కాన్పు వంటంతా నాన్న అరచేతి మీదే జరిగింది. ఆయన షెడ్డు నుంచి వచ్చేదాకా కూర పొయ్యి మీద నిప్పుల వేడిన అలాగే ఉండేది. వచ్చి, చెయ్యి కడుక్కుని, చాపేవాడు. ఆ నాకిన కూర ఆయన గొంతు ఎలా దిగేదో నాకు తెలియదు. ముఖం మాత్రం అటు తిప్పుకునేవాడు.

అమ్మకి సాయానికి ఏలూరు నుంచి మా మేనత్త వచ్చింది. నాన్నకి అక్క, భర్త పోయిన మనిషి. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత పదును. ఫ్రిజ్జు తలుపు తీసి చూసి, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందే మీ యవ్వారం అంది. ఇక్కడ చూలు ఉంది అత్తయ్యా, అమ్మే ఉండబోవట్లేదు అన్నాను. ఆవిడ నోరు మూతపడటం నేను చూడటం అదే మొదటిసారి.

కానీ ఎక్కువసేపు మూసుకోలేదు. వాకిట్లో మునగాకు దూస్తూ నాతో మెల్లిగానే చెప్పింది. ఇంట్లో మనిషి పోతే ఆ వేళకి ఇంట్లో ఉన్న వండిన పదార్థమూ, తోడిన నీళ్ళూ పారబొయ్యాలి. మైల తగిలిన కూడు మామూలు వాళ్ళకే పెట్టరు, పచ్చి బాలింతకి ఎవరు పెడతారు, ఇదంతా బూడిదలో పోసినట్టే కదే పిల్లా అంది. అమ్మ కిటికీ అవతల మంచం మీద ఉంది. నిద్రపోతోందనుకున్నాం.

ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మ నాన్నకి తన కోరిక చెప్పింది. ప్రాణం ఉండగానే ఆ డబ్బాలు గడప దాటాలి. షెడ్డు వెనక ఐసు ఫ్యాక్టరీ ఉంది కదా, దాని చలిగదిలో పెట్టించండి. గడప దాటిన దానికి మైల ఉండదు. నువ్వు పట్టుకెళ్ళు అని నాతో అనలేదు, అత్తారింట్లో అప్పటికి ఫ్రిజ్జు లేదు. నాన్న కంచంలోకి చూస్తూ, అలాగే అన్నాడు.

అలాగే అన్నాడు గాని కదలలేదు. చలిగదిలో సరుకు నిండిపోయి ఉందన్నాడు ఒకసారి. మిషను రిపేరన్నాడు ఇంకోసారి. ఫ్యాక్టరీ ఓనరు ఊళ్ళో లేడన్నాడు. ఆయన అబద్ధాలు అంత బాగా ఆడలేడు, ముగ్గురు ఆడవాళ్ళకీ తెలిసిపోయేది. మర్నాటికి మళ్ళీ అమ్మ అడిగేది, మళ్ళీ అలాగే.

గోరుచుట్టు మీద రోకలిపోటులా అప్పుడే కరెంటు కోతలు ముదిరాయి. మధ్యాహ్నం పోతే ఏ పొద్దుగూకేదాకానో రాదు. ఫ్రిజ్జులోంచి నీళ్ళు కారి ముందుగది చిత్తడయ్యేది. నాన్న షెడ్డు నుంచి థర్మకోల్ పెట్టెలు తెచ్చాడు. కరెంటు పోగానే మోపెడ్ మీద ఐసు వేసుకొచ్చి, గోనెసంచిలో పెట్టి కర్రతో కొట్టి పొడి చేసి, పెట్టె అడుగున ఒక వరస, డబ్బాలు, సందుల్లో ఐసు, పైన మళ్ళీ ఐసు. చేపని సర్దినట్టే సర్దేవాడు. ఎక్కడా గాలి ఆడకూడదు, గాలి ఆడిన చోట చేప పోతుంది అని తనలో తనే చెప్పుకుంటూ. కరెంటు రాగానే మళ్ళీ అన్నీ తీసి ఫ్రిజ్జులోకి ఎక్కించేవాడు. రోజూ ఇదే పని.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత చాకిరీ చేసే బదులు ఒక్కసారి చలిగదికి చేర్చెయ్యొచ్చు కదా నాన్నా అన్నాను. ఆయన గోనెసంచి దులుపుతూ ఉండిపోయాడు. అప్పుడు అర్థమైంది. ఆ డబ్బాలు ఇంట్లో ఉన్నంతకాలం అమ్మ ఇంట్లో ఉంటుంది. ఆయన వాటిని గడప దాటించిన రోజు, సరే వెళ్ళు అని తన చేత్తో తను పంపినట్టు. ఆ పని ఆయన వల్ల కాదు. నాకు అర్థమయ్యాక కోపం పోలేదు, ఇంకా పెరిగింది. ఎందుకంటే అమ్మ దగ్గర ఉన్నది ఒక్కటే కోరిక. రోజుకి రెండు మాటలు మాట్లాడే ఓపికలో ఒక మాట దానికే ఖర్చు పెడుతోంది.

తొలకరి పడ్డ వారంలో ఒక ఉదయం అమ్మ ఊపిరి మారింది. అత్తయ్య చెయ్యి పట్టి చూసి నా వైపు చూసింది. నాన్న మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు, ఆవిడ చెయ్యి ఆయన చేతిలో ఉంది. అమ్మ కళ్ళు తెరిచి ఆయన్ని వెతుక్కుంది.

"ఏవండీ, ఇవాళ తీసుకెళ్ళండి."

రేపు పొద్దున్నే తీసుకెళ్తానన్నాడు.

"రేపు లేదండీ."

 నాన్న ఆవిడ చేతిని తెచ్చి నా చేతిలో పెట్టి లేచాడు. ముందుగదిలో ఫ్రిజ్జు తలుపు తీసిన చప్పుడు, డబ్బాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు, తాడు బిగించిన చప్పుడు విన్నాం. అత్తయ్య, ఇప్పుడెక్కడికిరా, ఆవిణ్ణి వదిలి, అని గుమ్మం దాకా వెళ్ళింది.  మోపెడ్ స్టార్టయి, సందు తిరిగింది.

అమ్మ అది వింది. గడప దాటాయా అని అడిగింది. దాటాయమ్మా అన్నాను. ఐసు బాగా వేశారా అని అడిగింది. వేశాడన్నాను. నేను చూడలేదు, కానీ ఆ పని ఆయన సరిగ్గా చెయ్యకపోవడం ఉండదు. ఆ తర్వాత అమ్మ ఏమీ అడగలేదు. మోపెడ్ తిరిగొచ్చేలోపు వెళ్ళిపోయింది.

నాన్న వచ్చేసరికి అత్తయ్య వాకిట్లో నిలబడి ఉంది. ఆవిడ చెప్పనక్కర్లేకపోయింది. చొక్కా ముందంతా ఐసు నీళ్ళతో తడిసి ఒంటికి అంటుకుని ఉంది. వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. గడప ఇవతలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు, ఏదో తెమ్మంటే తెచ్చి ఇక ఎవరికి ఇవ్వాలో తెలియని మనిషిలాగా. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆవిడ చెయ్యి పట్టుకుని ఉండాల్సిన గడియలో ఆయన చేపల షెడ్డులో ఉన్నాడు. ఉండమనీ ఆవిడ అనలేదు, పొమ్మంది. ఎవర్ని తప్పు పట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కడుపుతో ఉన్నదాన్ని శవం దగ్గర ఉంచకూడదని నన్ను పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టారు. అక్కడి నుంచే చూశాను. అత్తయ్య బిందెల్లో నీళ్ళు పారబోసి, కుండలు బోర్లించింది. ఫ్రిజ్జులో సీసాల నీళ్ళు కూడా వదల్లేదు. ఖాళీ అరలు చూసి, తెలిసే, కూరలేవిరా తమ్ముడూ అని అడిగింది.

"ఆవిడుండగానే గడప దాటేశాయక్కా."

అత్తయ్య సరేనంది. ఫ్రిజ్జు ఆపేసి, తలుపు మూసుకుపోకుండా ఒక ఇటుక అడ్డం పెట్టింది.

వానలు ముదిరి కొల్లేటికి నీళ్ళెక్కిన రోజుల్లో ఏలూరులో నాకు ఆపరేషను చేసి ఆడపిల్లని తీశారు. అమ్మ పేరు పెడదామని అందరూ అన్నారు. వద్దన్నాను. పిలిచిన ప్రతిసారీ ఉలిక్కిపడటం నా వల్ల కాదు. కుట్లతో భీమడోలు వచ్చాను. తొలికాన్పు పుట్టింట్లోనే కదా, అమ్మ లేకపోయినా పుట్టిల్లు పుట్టిల్లే అని అత్తయ్య పట్టుబట్టింది. నీళ్ళు పోసేది ఆవిడ, అన్నం వార్చేది ఆవిడ. కూర మాత్రం అమ్మ చేసేది.

నాన్న రోజూ ఉదయం చలిగది నుంచి ఒక డబ్బా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళిపోయేవాడు. మంచు పట్టి తెల్లగా ఉండేది. కరిగేకొద్దీ మూత మీది ఎర్రపువ్వు కనిపించేది. అత్తయ్య వేడి చేసి, వేడన్నంలో కలిపి పెట్టేది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు నేను అన్నం తినలేదు, ఏడ్చాను. రెండో రోజు నుంచి తిన్నాను. ఆకలి సిగ్గులేనిది, పాలిచ్చే ఆకలికైతే అసలే లేదు. పాలు పడ్డాయి. సొరపిట్టు వల్లో, ఊరికే పడాల్సిన వేళకి పడ్డాయో చెప్పలేను. పిల్ల తాగేకొద్దీ నేను తినేదాన్ని. అన్నిట్లోనూ ఉప్పు సరిగ్గా ఉండేది.

సుఖమని చెప్పను. ఒక్కో డబ్బా ఖాళీ అవుతుంటే అమ్మ ఇంకోసారి కొంచెం కొంచెంగా పోతున్నట్టే ఉండేది. ఇంకెన్ని ఉన్నాయని నేను అడగలేదు, నాన్న చెప్పలేదు. ఒకరోజు మాత్రం డబ్బా పెట్టాక వెంటనే వెళ్ళలేదు. ఇదే ఆఖరుదమ్మా అన్నాడు.

అది మిగతావాటి లాంటిది కాదు. పాతచీర గుడ్డ చుట్టి, దారంతో కట్టి ఉంది. అత్తయ్య విప్పి, కరగబెట్టి, మూత తీసి వెనక్కి తగ్గింది. చింతపండు, మెంతులు, ఉల్లిపాయ వాసన గదంతా నిండింది. ఎర్రటి బొచ్చెచేప తలకాయ పులుసు.

"ఇది పథ్యం కాదే. బాలింతకి పులుపు పెట్టరని మీ అమ్మకి తెలీదా?"

తెలుసు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ తెలుసు. బొచ్చె తలకాయ అంటే నాన్నకి ప్రాణం. ఆయన షెడ్డులో, అత్తయ్య నిద్రలో, నేను గూడెంలో ఉన్న ఏదో ఒక మధ్యాహ్నం ఒక్కతే లేచి చేసి ఉంటుంది. ఇది నీది కాదు అంది అత్తయ్య, ఆవిడకీ అర్థమై.

నాన్న స్నానం చేసి వచ్చాక కంచం పెట్టి, ఏమీ చెప్పకుండా పులుసు వడ్డించాం. చూశాడు. కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకున్నాడు. దవడ ఒక్కసారి ఆగింది. నేను గిన్నెలోంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకాను. ఉప్పు కషాయం. నాలుక చచ్చిన మనిషి, వేసిన సంగతి మరిచిపోయి మళ్ళీ వేసి ఉంటుంది. ఒకటికి రెండుసార్లు కాదు, ఇంకా ఎక్కువే. తినకు నాన్నా, నోట పెట్టలేం అన్నాను. కంచం తీయబోయాను. ఆయన ఎడమచేత్తో కంచం పట్టుకున్నాడు.

"అన్నీ నన్ను ఉప్పు చూడమందమ్మా. ఇదొక్కటే చూడమనలేదు."

 అన్నం మొత్తం తిన్నాడు, తలకాయ ఎముకలు ఒక్కొక్కటీ చీకి కంచం అంచున పెట్టాడు. మిగిలిన పులుసు గిన్నె వంచి పోసుకున్నాడు. సాయంత్రం షెడ్డుకి వెళ్ళేదాకా చెంబుల కొద్దీ నీళ్ళు తాగుతూనే ఉన్నాడు.